బౌద్ధ శిథిలాలు: కట్టినవారు, కూల్చినవారు

మన కవులకు శిథిలాలంటే మక్కువ. హంపీ మీద వచ్చినన్ని పద్యాలు హంపీ చుట్టూ బతుకుతున్న రైతుల మీద రాలేదు. బౌద్ధ శిథిలాల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. విజయనగరపు రాళ్ళముందు నిలబడి పద్యకవి గతవైభవమని నిట్టూరిస్తే, స్తూపంముందు నిలబడి అభ్యుదయ కవి సమతాస్వప్నమని నిట్టూరుస్తాడు. మాట మారింది గాని నిట్టూర్పు మారలేదు. ఇద్దరికీ ఆ ఇటుక ఎవరు కాల్చారో, ఆ రాయి ఎంత దూరంనుంచి వచ్చిందో, దాన్ని ఎవరు పగలగొట్టి ఏ గోడలో పెట్టుకున్నారో అవసరం లేదు. సాహిత్య విద్యార్థులకు అవసరమని నా అభిప్రాయం.

నేను లాలాగూడవాణ్ణి. 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవారు పెట్టిన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. రైల్వే పాసు మీద తోటివాళ్ళు తిరుపతికీ కాశీకీ వెళ్తే నేను భట్టిప్రోలుకు వెళ్ళేవాణ్ణి. తెనాలి నుంచి రేపల్లె బండిలో అక్కడే దిగవచ్చు, స్టేషనుంది. మా ఇంట్లో ఈ విషయంలో నాకు పెద్ద మర్యాదేమీ దక్కలేదు. పాతికేళ్ళుగా చూసినవాటిలో కొన్నిటిని గురించి, ముఖ్యంగా మాకు దగ్గరలో ఉన్న ఫణిగిరి గురించి, నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

ఫణిగిరికి పోవాలంటే సికింద్రాబాదులో కాజీపేట వైపు ప్యాసింజరెక్కి జనగామలో దిగి, సూర్యాపేట బస్సు పట్టుకుని తిరుమలగిరిలో దిగాలి. అక్కడినుంచి ఆటో. దారి పొడుగునా చరిత్రే. భువనగిరి దాటగానే రాయగిరి వస్తుంది. హుస్సేన్‌సాగర్ మధ్యన ఇప్పుడు నిలబడి ఉన్న బుద్ధుణ్ణి అక్కడి కొండరాతిలోనే చెక్కారు. 1990 మార్చి 10న మూడువందల టన్నులకు మించిన ఆ విగ్రహాన్ని పడవమీద తరలిస్తుంటే అది ఒరిగి నీళ్ళలో పడింది. పనివాళ్ళు చనిపోయారు. విగ్రహాన్ని 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద షికారుకు వచ్చేవాళ్ళకు విగ్రహం ఎత్తు తెలుసు, చెక్కిన స్థపతి పేరు కొందరికి తెలుసు, మునిగిపోయిన కూలీల పేర్లు తెలిసినవారు నాకు కనబడలేదు. నిన్నమొన్నటి బుద్ధుడి సంగతే ఇది. పద్దెనిమిది వందల ఏళ్ళనాటి స్తూపం దగ్గర కూలీల పేర్లు దొరకలేదంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

భువనగిరి అంటే 1944 ఆంధ్రమహాసభ. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైన సభ. జనగామ అంటే విసునూరు దేశ్‌ముఖ్, కడవెండి, 1946 జూలై 4న నేలకొరిగిన దొడ్డి కొమరయ్య. హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖ ఫణిగిరి కొండను తవ్వింది కూడా సరిగ్గా ఆ కాలంలోనే, 1941 నుంచి 1944 దాకా. ఆ శాఖ 1914లో ఏర్పడింది. గులాం యజ్దానీ దాని తొలి డైరెక్టరు. అజంతా చిత్రాలను కాపాడటంలో ఆయన చేసిన కృషి గొప్పదే. కొండాపురం దిబ్బలను తవ్వించిందీ ఆ శాఖే. శాఖ ఒకవైపు శాతవాహనుల మట్టి తీస్తుంటే మరొకవైపు ఆ తాలూకాలలోనే వెట్టిచాకిరి మీద జనం తిరగబడుతున్నారు. నల్గొండ జిల్లా చరిత్ర రాసిన చాలామంది ఈ రెండు సంగతులనూ రెండు వేరువేరు పుస్తకాలలో రాశారు.

ఊరి పక్కనే కొండ. పాముపడగలా ఉంటుందని ఫణిగిరి అన్నారంటారు. కింద బిక్కేరువాగు, మూసీలో కలిసే వాగు. మెట్లెక్కి పైకిపోతే స్తూపపు ఇటుకకట్టడం, గజపృష్ఠాకారపు చైత్యగృహాల పునాదులు, భిక్షువుల గదుల వరుసలు, మండప స్తంభాలు. నిజాం కాలం తర్వాత ఆరు దశాబ్దాలు ఎవరూ ముట్టుకోలేదు. 2001 తర్వాత రాష్ట్ర పురావస్తుశాఖ మళ్ళీ తవ్వడం మొదలుపెడితే సున్నపురాతి శిల్పాలు, బోధిసత్వ విగ్రహం, రెండువైపులా శిల్పాలు చెక్కిన తోరణపు దూలం, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం బయటపడ్డాయి. సాంచీలో తోరణాలు చూసి మురిసిపోతాం గాని, ఆంధ్రదేశంలో రాతి తోరణం అరుదు. 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంవారు ‘చెట్టు, పాము’ అనే పేరుతో తొలి బౌద్ధశిల్పాల ప్రదర్శన పెట్టినప్పుడు ఫణిగిరి శిల్పాలు కూడా అక్కడికి వెళ్ళివచ్చాయి. తిరుమలగిరి అంగడికి వచ్చే రైతులలో కొండెక్కి చూసినవారికంటే న్యూయార్కులో చూసినవారే ఎక్కువేమో.

కొండ గ్రానైటు. శిల్పాలు సున్నపురాయి. అంటే రాయి కొండమీదది కాదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు వాడిన పల్నాటి రాయి వంటి రాయి అది. కృష్ణ ఒడ్డునుంచి ఇంత దూరం బండ్లమీద రావాలి, వాగులు దాటాలి, కొండెక్కాలి. ఎండలో ఆ మెట్లు ఉత్తచేతులతో ఎక్కడానికే నాకు రెండుసార్లు కూర్చోవలసివచ్చింది. నీడన కూర్చున్న చోట మేకలు కాసుకునే పెద్దాయన ఒకాయన పలకరించాడు. ఇటుకలు చూపించి, “గిసొంటి ఇటుక ఇప్పుడు యాడ దొరుకుతది సారూ? మా పాత ఇండ్ల గోడలల్ల గూడ ఉన్నయి ఇవి” అన్నాడు. గొప్పగా చెప్పాడే తప్ప తప్పు చేసినట్టు చెప్పలేదు. గట్టి ఇటుక ఊరికే పడి ఉంటే ఇల్లు కట్టుకునేవాడు ఏం చేస్తాడు? ఆ మాటకు మళ్ళీ వస్తాను.

ముందు కట్టినవారి సంగతి.

నాగార్జునకొండ మహాచైత్యం కొలతలు లాంగ్‌హర్స్టు 1927–31 తవ్వకాలలో తీశాడు. అడ్డుకొలత 106 అడుగులు. ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. లోపలంతా ఇటుకతో నింపలేదు. బండిచక్రంలాగా మధ్యన కుండ, చుట్టూ ఆకులు, ఆ పైన పట్టా. ఆకుల మధ్య ఖాళీలను మట్టితో నింపారు. ఇది ధర్మచక్రానికి సంకేతమని పండితులు అన్నారు. కావచ్చు. చక్రాలతో బతికినవాణ్ణి గనుక నాకు మరొకటి కూడా కనబడింది. ఈ పద్ధతిలో ఇటుక సగానికి సగం ఆదా అవుతుంది. పైన ఉన్న గుమ్మటం బరువు ఆకుల మీదుగా పట్టాకు పంచుకుపోతుంది. మట్టి ఒక్కటే పోసి గుమ్మటం కడితే నాలుగు వానలకు జారిపోతుంది, ఇటుక ఒక్కటే పేరిస్తే ఊరి అడవి మొత్తం బట్టీలకు చాలదు. ఈ ఉపాయం ధ్యానంలో తట్టింది కాదు, తాపీమేస్త్రీకి తట్టింది. మన తత్వశాస్త్ర గ్రంథాలలో మాధ్యమికవాదానికి వందల పేజీలున్నాయి. ఈ మేస్త్రీకి ఒక్క పేజీ ఉండాలి.

అయితే శాసనాలలో పేర్లు ఉన్నవారు ఎవరు? ఇక్కడ విషయం రసవత్తరంగా ఉంటుంది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపం తవ్వి ధాతుకరండాలు తీశాడు. వాటిమీది బ్రాహ్మి రాతలు మన నేలమీద దొరికిన అతిప్రాచీన లేఖనాలలోవి. కుబీరకుడనే రాజు పేరు వాటిలో ఉంది. కాని రాజుతో పాటు నిగమసభ్యుల పేర్లు, గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. చదువుతుంటే యూనియన్ కమిటీ జాబితా చదివినట్టే ఉంటుంది. వ్యాపారులూ వృత్తిపనివారూ సంఘంగా ఏర్పడి కట్టిన కట్టడమది, రాజు అందులో ఒక పెద్దమనిషి.

అమరావతికి వస్తే దాతలలో భిక్షుణులున్నారు, గృహిణులున్నారు, వర్తకులున్నారు. వారిలో ఒకడు విధికుడు. చర్మకారుడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లి, భార్య, తమ్ముళ్ళు, కొడుకు నాగుడు, కూతుళ్ళు, చుట్టాలు, స్నేహితులు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి దానం చేశాడు. కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడు చూడండి, మనవాడే.

మా లాలాగూడ, చిలకలగూడ బస్తీలలో బుద్ధుడి పటం పక్కన అంబేద్కర్ పటం ఉన్న ఇళ్ళు ఉన్నాయి. 1956 అక్టోబరు 14న నాగపూరులో జరిగిన దీక్ష ఆ ఇళ్ళకు చరిత్ర కాదు, ఇంటి సంగతి. నాతో పనిచేసిన ఒక తమ్ముడికి విధికుడి మాట చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గదేందన్నా, మనోళ్ళ పేరు రాయిమీద చెక్కనిచ్చిండ్రా?” అని అడిగాడు. స్తూపాలను గురించి నేను చదివిన వ్యాసాలలో ఈ ప్రశ్న అడిగినవి తక్కువ. దానికి జవాబు జాగ్రత్తగా చెప్పాలి. ఒక్క రాయిని చూసి ఆనాడు కులం లేదనడం తొందరపాటు. చర్మకారుడన్న మాటకు ఆనాడు ఉన్న సామాజికార్థం తర్వాతి శతాబ్దాలలో ఉన్న అర్థమే అనుకోవడమూ తొందరపాటే. కాని చర్మకారుడి తండ్రి ఉపాధ్యాయుడై ఉండటం, ఆ మాట దాచుకోకుండా రాయిమీద చెక్కించుకోగలగడం, అతని పలకను మహాచైత్యంలో అందరి పలకలతో పాటు నిలబెట్టడం వాస్తవం. ఇంత వాస్తవం చాలు. దీనికి మనం కవిత్వం కలపనక్కరలేదు.

ఇక్ష్వాకుల దగ్గరికి వస్తే దాతల వర్గం మారిపోతుంది. నాగార్జునకొండ మహాచైత్యాన్ని నిలబెట్టింది రాజు చాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి, వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో. చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, వాజపేయం చేసినవాడు. అన్న యజ్ఞశాలలో ఉంటే చెల్లెలు చైత్యం దగ్గర ఉంది. రాజకుటుంబంలో మగవారు వైదికం, ఆడవారు బౌద్ధం అన్న ఈ పంపకాన్ని చరిత్రకారులు మతసహనమని మెచ్చుకున్నారు. సహనం మంచిదే. కాని యజ్ఞం రాజ్యాధికారానికి ముద్రవేస్తే, చైత్యం వర్తకశ్రేణులను రాజ్యానికి దగ్గర చేసింది. ఆ కుటుంబానికి రెండూ కావాలి. రాజబంధువు కాని బోధిసిరి అనే ఉపాసిక చుళధమ్మగిరి మీద తామ్రపర్ణి ఆచార్యులకోసం చైత్యగృహం కట్టించింది. సింహళపు ఆ ఆచార్యులు ధర్మం బోధించిన దేశాల జాబితా ఆమె శాసనంలో ఉంది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, ద్రావిడం, ఇంకా కొన్ని. లోయలో కూర్చున్న ఒక గృహిణి ప్రపంచపటం అది. మన ప్రబంధనాయికలకు అంతఃపురం తలుపు దాటి ఇంత భూగోళం తెలియదు.

ఇంత చెప్పిన తర్వాత మన మిత్రులు కొందరు చేసే వాదాన్ని ఎదుర్కోక తప్పదు. బౌద్ధం ఆనాటి విప్లవమనీ, బ్రాహ్మణ్యం దాన్ని కత్తితో నరికి, నిప్పుపెట్టి నాశనం చేసిందనీ వాదం. పద్యం రాయడానికి ఇది బాగుంటుంది. పురావస్తువు ఇంత సులువుగా సమ్మతించదు.

వినయపిటకం రుణగ్రస్తుణ్ణి, బానిసను, రాజు కొలువులో ఉన్న సైనికుణ్ణి సంఘంలో చేర్చుకోకూడదంటుంది. అప్పిచ్చినవాడికీ యజమానికీ రాజుకూ కోపం రాకుండా సంఘం చూసుకుంది. సంఘంలోపల జన్మభేదం పాటించని మాట నిజం, సంఘం బయట దాస్యాన్ని ముట్టుకోని మాట కూడా నిజం. నాగార్జునకొండ విహారాలకు ఇచ్చిన ధనాన్ని అక్షయనీవిగా వృత్తిశ్రేణుల దగ్గర డిపాజిట్టు పెట్టేవారు. అసలు కదలదు, వడ్డీతో విహారం నడుస్తుంది. పిండివంటలు చేసేవారి శ్రేణి కూడా ఇలా డబ్బు పుచ్చుకుంది. వర్తకమార్గాల పక్కన విహారాలు వెలియడం యాదృచ్ఛికం కాదని, అవి ఆ వర్తకానికి ఆర్థికకేంద్రాలుగా కూడా పనిచేశాయని డి.డి. కోశాంబి పశ్చిమకనుమల గుహల విషయంలో చూపించాడు. మన దగ్గర ధరణికోట తవ్వకాలలో పడవలు వచ్చే కాలవ, సరుకు దించే రేవుకట్టు బయటపడ్డాయి. ఆ రేవు పక్కనే అమరావతి.

రోము వర్తకం సన్నగిల్లి, పట్టణాలు చిక్కిపోయి, ఇక్ష్వాకులు పోయిన తర్వాత నాలుగో శతాబ్దంలో మార్పు మొదలైంది. పల్లవ యువరాజు శివస్కందవర్మ ధాన్యకటకంలో ఉన్న తన అధికారికి పంపిన మైదవోలు రాగిరేకులు చూడండి. ఇద్దరు బ్రాహ్మణులకు ఒక ఊరు దానం. స్తూపం ఉన్న నగరానికే ఆ ఉత్తర్వు వచ్చింది. నాణెంతో దానం ఇచ్చే కాలం పోయి నేలతో దానం ఇచ్చే కాలం వచ్చింది. నేల ఇచ్చేవాడు రాజు. పుచ్చుకునేవాడు దాన్ని సాగుచేయించగలవాడై ఉండాలి. ఊళ్ళు స్థాపించి, పంచాంగం చెప్పి, కాపును పొలానికి కట్టిపడేయగల అర్హత ఎవరికి ఎక్కువ ఉందో వారిని రాజు ఎంచుకున్నాడు.

విహారాలు కూడా ఈ పోటీలో దిగాయని మరచిపోకూడదు. రామన్నపేట దగ్గర తుమ్మలగూడెంలో దొరికిన విష్ణుకుండి గోవిందవర్మ రాగిరేకులున్నాయి. అతని రాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారానికి అతను రెండు గ్రామాలు రాసిచ్చాడు. వడ్డీతో బతికిన సంఘం ఊళ్ళతో బతకడం మొదలుపెట్టింది. విధికుడి పలకతో పనిలేని సంఘమది. చర్మకారుడూ పిండివంటల శ్రేణీ దూరమైన తర్వాత, రాజు మనసు మారిన రోజున సంఘాన్ని నిలబెట్టడానికి ఊళ్ళో ఎవరున్నారు? కత్తి ఎక్కడా లేవలేదని నేనడం లేదు. చాలాచోట్ల చైత్యాలు గుళ్ళయ్యాయి, బుద్ధుళ్ళు వేరే పేర్లతో పూజలందుకున్నారు, కొన్నిచోట్ల బలవంతంగానే కావచ్చు. కాని 1182లో కూడా కోట కేతరాజు అమరావతిలో బుద్ధుడికి ఊళ్ళూ దీపాలూ ఇచ్చాడని అమరేశ్వరాలయ స్తంభమే చెబుతోంది. 1344లో సింహళంనుంచి ధర్మకీర్తి అనే స్థవిరుడు వచ్చి ధాన్యకటకంలో విగ్రహగృహాన్ని బాగుచేయించాడని గడలదెనియ శాసనం చెబుతోంది. పదిహేను వందల ఏళ్ళు కొనవూపిరితోనైనా నిలిచిన స్థలమది. దాన్ని ఒక్కరోజులో ఎవరో తగలబెట్టారని రాస్తే, ఆ పదిహేను వందల ఏళ్ళూ అక్కడ దీపం పెట్టినవాళ్ళకు అన్యాయం చేసినట్టే.

అసలు కూల్చివేత ఎప్పుడు జరిగిందో లెక్కలతో సహా ఉంది. అది మధ్యయుగాలది కాదు. 1796 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త పట్నం కట్టడం మొదలుపెట్టాడు. దీపాలదిన్నె అనే మట్టిగుట్టలో మంచి చెక్కుడురాళ్ళు ఉన్నాయని తెలిసి తవ్వించాడు. 1797లో మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించేనాటికి మధ్యలో ఒక చెరువుగుంట తవ్వి ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసుకు, అక్కడినుంచి లండనుకు పోయాయి. లండనులో వాటిని పట్టించుకున్నవాడు లేడు. 1867లో ఫెర్గూసన్‌కు ఒక గుర్రపుబండ్ల కొట్టంలో కనబడ్డాయి. 1877లో సీవెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు దిబ్బ మొత్తం ఖాళీచేయమన్నాడు. తర్వాత బర్జెస్ వచ్చి మిగిలినవి ఏరుకున్నాడు. ఇప్పుడు అమరావతిలో స్తూపం చూడటానికి వెళ్ళినవాడు ముందుగా చూసేది స్తూపం లేకపోవడాన్ని. గట్టున నిలబడి పునాది వలయం చూసి, కొన్ని నకళ్ళు చూసి, మిగతాది మద్రాసులోనూ లండనులోనూ ఉందని చదువుకుని తిరిగిరావాలి.

భట్టిప్రోలు రాళ్ళు కాలవ తూములలోకి పోయాయి. గుడివాడ దిబ్బ ఇటుకలు రోడ్డు కింద కంకరయ్యాయి. ఇంజనీర్లకు అది చౌక. కాలవలు కృష్ణాడెల్టాకు అన్నం పెట్టాయి, కాదనను. కాని పనికిమాలిన పాతదిబ్బ అని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో గమనించాలి. మా రైల్వే చరిత్ర కూడా శుభ్రమైనదేమీ కాదు. లాహోరు, ముల్తాను లైను వేసేటప్పుడు హరప్పా ఇటుకలను కట్టకింద బొచ్చెగా పోశారు. సింధునాగరికత అంటే ఏమిటో లోకానికి తెలియకముందే దాని మీదుగా బండ్లు నడిచాయి.

ఇప్పుడు ఆ మేకల పెద్దాయన మాటకు వద్దాం. ఊరివాళ్ళు ఇటుకలు తీసుకున్నారు. జమీందారు, కలెక్టరు, ఇంజనీరు తీసుకున్నారు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ప్రజల అజ్ఞానమని రాసే పద్ధతి పురావస్తు నివేదికలలో మొదటినుంచీ ఉంది. రెండు గోడలకు పనికివచ్చిన ఇటుకా, ఒక పట్నానికి పనికివచ్చిన దిబ్బా ఒకటి కావు. పైగా ఊరివాళ్ళు తమదైన పద్ధతిలో ఆ చోటుకు పేరుపెట్టి గుర్తుంచుకున్నారు. నేలకొండపల్లి స్తూపాన్ని 1970ల చివర తవ్వేదాకా అక్కడివారికి అది విరాటరాజు దిబ్బ. పక్కన కీచకగుండం కూడా ఉంది. బుద్ధుణ్ణి మరిచిపోయినా ఇక్కడ ఏదో పెద్దది జరిగిందన్న సంగతి మరిచిపోలేదు. వాళ్ళకు తెలిసిన పెద్దకథ భారతం. అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండలో బుద్ధుడు బొజ్జన్న అయ్యాడు. అక్కడ కనుమనాడు రాళ్ళు విసిరే ఆచారమొకటి ఉండేది. ఎందుకు విసురుతున్నారో విసిరేవారికి తెలియదు, రాక్షసుడనేవారు. ఒక మతం మరొక మతాన్ని ఓడించిన జ్ఞాపకం, కారణం మరచిపోయి, పండుగ ఆటగా మిగిలిందా? అయి ఉండవచ్చు. జానపద విజ్ఞానం మీద పరిశోధన చేసే విద్యార్థులు ఇలాంటిచోట్ల ఒక సంక్రాంతి గడపడం మంచిది.

సాహిత్యంవాళ్ళకు ఈ దిబ్బలతో సంబంధమేమిటని అడిగేవారికి రెండు సంగతులు గుర్తుచేస్తాను. తొలి తెలుగు మాటగా మనం చెప్పుకునే ‘నాగబు’ అమరావతి రాతిముక్క మీద వేటూరి ప్రభాకరశాస్త్రికి దొరికింది. ప్రాకృతం రాసిన లేఖకుల మధ్యన ఒక తెలుగు నోరు అలా పలికింది. రెండోది, శ్రీకాకుళం జిల్లా శాలిహుండం శిథిలాలను 1919లో లోకానికి చెప్పినవాడు గిడుగు రామమూర్తి. సవరల భాష విన్న చెవి, వాడుకభాష కోసం పోరాడిన నోరు, ఆ కొండను చూసిన కన్ను ఒక్కరివే. పండితులు వదిలేసినవాటి మీద ఆయనకు మొదటినుంచీ చూపు ఉంది.

నాగార్జునకొండ సంగతి చెప్పకపోతే వ్యాసం పూర్తి కాదు, చెప్పడం మొదలుపెడితే ఆగదు. లోయ 1926లో బయటపడింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ గట్టుమీదికీ తరలించి నిలబెట్టారు. 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. లాంచీలో కొండకు వెళ్తుంటే విజయపురి మన కాళ్ళకింద ఉంటుంది. సాగర్ కట్టకూడదని నేనను. ఆ నీళ్ళతో పండిన బియ్యం తిన్నవాళ్ళమే మనమంతా. కాని లోయలో ఇక్ష్వాకుల రాళ్ళే లేవు, ఊళ్ళు కూడా ఉన్నాయి. రాళ్ళకు నంబర్లు వేసి, ఒక్కొక్కటీ విప్పి, మళ్ళీ అదే క్రమంలో పేర్చారు. ఆ ఊళ్ళవాళ్ళకు అలా నంబర్లు వేసి పేర్చి ఉంటే బాగుండేది. సాగరు మీద వచ్చిన మన గేయాలలో సిమెంటు ఉంది, నెహ్రూ ఉన్నాడు, నీళ్ళున్నాయి. ఆనకట్ట రాళ్ళు మోసిన ఆడవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. లోయ విడిచిపోయినవాళ్ళు మరీ తక్కువ.

ఫణిగిరిలో 2024 మార్చిలో ఒక కుండ దొరికింది. నాగార్జునకొండ శాసనాలను వదిలి నేను ఎక్కువగా ఆలోచించేది ఈ మధ్య ఈ కుండ గురించే. దానిలో 3730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయినీ చిహ్నం, ఇక్ష్వాకుల కాలానివి. ఒక్కొక్కటి రెండున్నర గ్రాములకు లోపే. సీసం అంటే నాకు వర్క్‌షాపులో చేతికి అంటుకున్న లోహం. బరువు జాస్తి, విలువ తక్కువ, గోరుతో గీస్తే గీత పడుతుంది. అన్నీ కలిపితే తొమ్మిది కిలోలకు లోపు. బంగారం కాదు, రోము దీనారం కాదు. ఉప్పుకూ నూనెకూ కూలికీ చెల్లే చిల్లర. విహారం ఉన్న కొండమీద ఎవరో ఆ చిల్లరను లెక్కపెట్టి కుండలో పోసి మూతపెట్టి నేలలో దాచారు. భిక్షువు బంగారం వెండి ముట్టకూడదని వినయం, సీసానికి ఏదైనా మినహాయింపు చెప్పుకున్నారేమో. వచ్చిన యాత్రికుల కానుకలో, రాళ్ళు చెక్కుతున్నవారికి ఇవ్వవలసిన వారం కూలో, ఎవరి సొమ్మయినా తిరిగివచ్చి తీసుకుందామనే పెట్టి ఉంటారు. తవ్వినవాళ్ళు మూత తీసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.